గుడ్డ కదలని మధ్యాహ్నం

ఆ వానాకాలం మొదలయ్యే నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: షట్టరు దించిన ఒక కట్‌పీసుల దుకాణం, దాని ముందు మనిషి లోతు గొయ్యి, ఇంటి ముందుగది నిండా గుడ్డల మూటలు, గోడకు తగిలించిన తెల్లటి ఇంటర్నెట్ పెట్టె, నోరున్న భార్య, వినపడని అక్క. ఆనాడు నేను ఈ వరసలోనే చెప్పేవాణ్ణి. వ్యాపారస్తుడు సరుకు పేరు ముందు చెప్పి మనుషుల పేర్లు తర్వాత చెబుతాడు.

వీధి కింద కొత్త గొట్టాలు వేస్తామని తవ్వారు. గొట్టాల కంటే ముందు వాన వచ్చింది. గొయ్యి కాలవైంది. దుకాణంలోకి రావాలంటే దాని మీద వేసిన చెక్కల మీంచి నడవాలి. ముక్క గుడ్డ కోసం కాలు విరగ్గొట్టుకునేంత అవసరం ఎవరికీ ఉండదు. అందుకని సరుకంతా ఇంటికి మోయించాను. ముందుగదిలో బల్ల వేసి, పైన గట్టి లైటు వేలాడదీసి, స్టాండు మీద ఫోను పెట్టి, రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరూరి టైలర్లకు గుడ్డ చూపించడం మొదలుపెట్టాను.

"ముందుగది దుకాణమైంది, సరే. ఇంటికొచ్చినవాళ్లని ఎక్కడ కూర్చోబెట్టమంటారు?" అంది మా ఆవిడ.

"ఎవరొస్తారు? గొయ్యి ఉందిగా."

"మా అమ్మ వస్తే?"

"మీ అమ్మకి గొయ్యి ఒక లెక్కా?"

"ఆ మాట అమ్మతో చెబుతాలెండి," అని ఒక మూటను కాలితో పక్కకు నెట్టి, తనకు నడవడానికి దారి చేసుకుంది.

వ్యాపారం బాగానే ఎత్తుకుంది. గుడ్డను లైటు కింద పరిచి, అంచు పట్టుకుని ఊపి, మడిచి, నలిపి చూపించేవాణ్ణి. టైలర్లు ఫోనులోంచే బేరమాడేవారు. కాని ఉన్నట్టుండి అవతల గోల మొదలయ్యేది. "బాబాయ్, ఆగిపోయావు." "అన్నా, నీ గుడ్డ ముద్దైపోయింది, నేత కనబడట్లా." నా ఫోనులో మాత్రం వాళ్లు తళతళలాడుతూ కనబడేవారు. ఒకాయన మీసం దువ్వుకోవడం కూడా తెలిసేది. వాళ్లకు నేను కనబడను, నాకు వాళ్లు కనబడతారు. ఇదేం వాటమో అర్థం కాక కేబులతనికి ఫోను చేశాను.

"అన్నా, మీ ఇంట్లోకి వచ్చే దారి లారీ పట్టేంత ఉంటుంది," అన్నాడు. "బయటికి పోయే దారి సైకిలు పట్టేంత. దాన్నే అప్‌లోడు అంటారు. ఇంట్లో ఒకరు పంపిస్తే పరవాలేదు. ఇద్దరు పంపిస్తే ఇరుకవుతుంది."

"అంత ఇరుగ్గా ఎవరు వెయ్యమన్నారు?"

"జనమంతా చూసేవాళ్లే కదన్నా. ఇంట్లోంచి చూపించేవాళ్లు ఇద్దరుంటారని ఎవరనుకుంటారు?"

"పెద్ద దారి వెయ్యి మరి."

"వేస్తాగా. ఆ గొయ్యి పూడ్చనీ."

పంపించే రెండో మనిషి ఎవరో నేను వెతుక్కోనక్కర్లేదు. వెనకగదిలో అక్క ఉంది.

అక్క నాకంటే కొంచెం పెద్దది. పుట్టుకతోనే వినపడదు. చిన్నప్పుడే దూరాన వినపడని పిల్లల బడిలో ఉండి చదువుకుంది. సెలవులకు వచ్చినప్పుడల్లా చేతుల నిండా ఏదో కొత్త భాష తెచ్చేది. ఇంట్లో దాన్ని తీసుకునేవాళ్లు లేక మళ్లీ అలాగే పట్టుకుపోయేది. నేను నా వ్యాపారానికి ఎంత కావాలో అంత నేర్చుకున్నాను. రా, తిను, ఎంత, అయిపోయింది, రేపు. ముక్కు కొస నుంచి చాచిన చేతి వరకు గుడ్డ కొలిచినట్టు చేస్తే, అది నా పేరు. అక్కే పెట్టింది. వెనకగదిలో కూర్చుని టైలర్లు పంపే కోట్లకు చేత్తో కాజాలు కుడుతుంది. ఆ కాజా అంచు చూస్తే దారంతో కుట్టినట్టుండదు, పూసలు గుచ్చినట్టుంటుంది.

ఇక ఆమె రోజూ ఆ గదిలో ఫోను ముందు కూర్చుని మాట్లాడే ఆయన సంగతి. నిజానికి ఆయన నా గిరాకీ. వేరే ఊళ్లో పుస్తకాలకు బైండింగు చేస్తాడు. వెన్నుకు అతికించడానికి గట్టి ముతక గుడ్డ నా దగ్గర కొనేవాడు. ఆర్డర్లన్నీ రాసి పంపేవాడు. ఫోనులో రాయడం నాకు చేతకాదు గనక జవాబులు అక్క రాసేది. ఒకరోజు నేత చూపించమన్నాడట. అక్క కెమెరా పెట్టి గుడ్డ చూపించి, అలవాటుగా చేత్తో 'ఇది చాలా?' అని అడిగింది. అవతల ఆయన జిగురు కుంచె కింద పెట్టేసి, చేతులతోనే 'చాలు' అన్నాడట. ఆయనకీ వినపడదు. అప్పటినుంచి ఆయన కొనే గుడ్డ తగ్గుతూ వచ్చింది, మాట్లాడే సమయం పెరుగుతూ వచ్చింది.

"నా గిరాకీని ఎత్తుకుపోయావు," అని అక్కతో అన్నాను, నాకు వచ్చిన వంకర సైగలతో.

"నీ గుడ్డ వాళ్లింట్లో నిండిపోయిందట," అంది అక్క. "పెట్టుకోవడానికి చోటు లేదట."

ఆ వెనకగది మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు కలలో చూసినట్టే ఉంటాయి. కిటికీ అద్దం మీద వాన జారుతుండేది. దాని నీడలు గోడ మీద, అక్క ఒడిలో ఉన్న కోటు మీద, నేల మీద పాకుతుండేవి. గది మొత్తం ఏదో చెరువు అడుగున ఉన్నట్టుండేది. అక్క ఎదురుగా ఫోను. అందులో ఆయన వెనక దొంతులుగా కాగితాలు, ఒక ఇనుప ప్రెస్సు, దాని పెద్ద చక్రం. ఆయన చేతులకు ఎప్పుడూ ఎండిన జిగురు పొడి. ఆ చేతులు లేచేవి, తేలేవి, ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లి ఛాతీ దగ్గర ఆగేవి. ఏమన్నాడో నాకు సగం తెలిసేది కాదు. అయినా మంచినీళ్లకు వచ్చినవాణ్ణి గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయేవాణ్ణి. మా ఇంట్లోకి వచ్చే దారి పెద్దది కదా. ఆయన మొత్తంగా వచ్చేవాడు. చిటికెన వేలి వణుకు కూడా దారిలో రాలిపోయేది కాదు.

వచ్చేది ధారాళంగా ఉన్నప్పుడు పోయేది ఎలా ఉందోనని మనిషికి అనుమానం రాదు.

గొయ్యి పూడేదాకా సర్దుకోవడానికి కేబులతను చెప్పిన ఉపాయం ప్రకారం పెట్టె తాలూకు పేజీ ఫోనులో తెరిచి పంపకం చేశాను. బయటికి పోయే దారిలో పెద్ద వాటా నా ఫోనుకు, చిన్న వాటా అక్క ఫోనుకు. ఇల్లు నడిచేది నా గుడ్డ మీద గనక అది న్యాయమే అనిపించింది. తర్వాత ఇద్దరి ఫోన్లలోనూ ఇంకో బేరం ఎదురైంది. దారి ఇరుకైనప్పుడు ఏది నిలబెట్టాలి, బొమ్మ స్పష్టతా, కదలిక నున్నదనమా అని ఫోను అడిగింది. గుడ్డలు అమ్మేవాణ్ణి నేను. నా టైలర్లు పోగులు లెక్కపెట్టుకుని కొంటారు. స్పష్టతే నొక్కాను. అక్క ఫోనులోనూ అదే నొక్కాను. వాటా చిన్నదైనా నాసిరకం ఇవ్వడానికి మనసొప్పలేదు.

"నా దగ్గరున్న మంచి రకం నీకూ వేశాను," అని చెప్పాను. అక్క తల ఊపింది. తెర మూలన ఆమెకు తన బొమ్మ చక్కగానే కనబడుతోంది. ఆ బొమ్మ ఫోనులోనే తయారై ఫోనులోనే ఉండేది, దారి మీద పోయి వచ్చింది కాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలీదు.

నా వ్యాపారం దారిన పడింది. గోల ఆగింది. "ఇప్పుడు బాగుంది బాబాయ్, దారం మీద నూగు కూడా కనబడుతోంది," అన్నారు. వాన పడుతూనే ఉంది, మూటలు కొంచెం కొంచెం తరుగుతున్నాయి. ఆ సంతోషంలో వెనకగది వైపు కొన్నాళ్లు చూడలేదు.

చూసింది మా ఆవిడ.

"వదిన మళ్లీ కాజాలు ఎక్కువ కుడుతోంది," అంది ఒక సాయంత్రం.

"మంచిదేగా."

"మంచిది కాదు. ఇదివరకు ఈ వేళకి ఫోను ముందు ఉండేది. ఇప్పుడు ఇలా తెరిచి అలా మూసేస్తోంది. మీకు గుడ్డ మీద గీత పడితే తెలుస్తుంది గాని, మనిషి మొహం మీద పడితే తెలీదు."

ఇద్దరం వెనకగదికి వెళ్లాం. మా ఆవిడకు సైగలు నాకంటే ఎక్కువ వచ్చు, నాకు అందనివి నోటితో చెబుతుంది. అక్క సూది ఆపలేదు. చేతిలో ఉన్న కాజా పూర్తయ్యాక కోటు పక్కన పెట్టి చెప్పింది. ఆయన అడిగాడట. వానలు తగ్గాక వచ్చి మమ్మల్ని అడుగుతానని, ఆమె వచ్చి తనతో ఆ ఇంట్లో, ఆ బైండింగు గదిలో ఉంటే బాగుంటుందని, అయితే ముందు ఆమె సరే అనాలని.

"అన్నావా?" అంది మా ఆవిడ.

"అన్నాను. మళ్లీ అడిగాడు, మళ్లీ అన్నాను. అన్న ప్రతిసారీ ఆయన మొహం చిన్నబోతోంది. ఇష్టం లేకుండా ఒప్పుకుంటున్నావా అంటాడు. మీ తమ్ముడు బలవంతం చేస్తున్నాడా అంటాడు."

"నేనా?" అన్నాను.

"విసుక్కుంటున్నానట. కసిరినట్టు మాట్లాడుతున్నానట. ఇష్టమని ఇంకెలా చెప్పాలి నేను?"

"రాసి పంపించు," అన్నాను. "రాతలో గొడవుండదు."

అక్క నా వైపు చూసింది. "పెళ్లికి ఒప్పుకున్నప్పుడు నువ్వు ఈమెకి చీటీ రాసిచ్చావా?"

మా ఆవిడ నవ్వాపుకుంది. "రాసివ్వలేదు వదినా. ఇల్లంతా వినబడేలా అరిచారు."

"మరి బయటికెళ్లి మాట్లాడొచ్చుగా. ఈ సందులో బొమ్మ పోయేంత ఫోను సిగ్నలు లేదు గాని, గొయ్యి దాటితే ఉంది," అన్నాను.

"నడివీధిలో నిలబడి, పోయేవాళ్లందరికీ కనబడేలా ఇష్టమని చెప్పనా?" అంది అక్క. ఫోను తీసి ఆయన రాసింది చూపించింది. శుక్రవారం మధ్యాహ్నం ఒక్కసారి మాట్లాడదాం, అప్పటికీ నీ మనసు తెలియకపోతే ఇక నిన్ను ఇబ్బంది పెట్టను, అని ఉంది. చదివాక ఫోను వెనక్కి తీసుకుని, కోటు ఒళ్లోకి లాక్కుంది.

నాకు ఆ మనిషి మీద కోపం వచ్చింది. సరే అన్నాక అది సరేనే కదా. బేరంలో సరే అన్నవాడి మొహం ఎవడు చూస్తాడు?

మర్నాడు దుకాణంలోకి చెమ్మ ఎక్కిందేమో చూసొద్దామని వెళ్లాను. చెక్కల మీంచి అవతలికి దాటి, షట్టరు ఎత్తి, తడి తగలకుండా మిగిలిన అట్టలు పైకి సర్ది, వాన పెరగడంతో అరుగు మీద కూర్చున్నాను. ముందుగది కిటికీ తెరిచి వచ్చానని గుర్తొచ్చింది. కిటికీ కిందే తెల్లగుడ్డ మూటలున్నాయి. మా ఆవిడ బజారుకెళ్లింది. అక్కకు ఫోను చేశాను, బొమ్మ కనబడేలా. గొయ్యికి అవతలి నుంచి ఫోనులో మా ఇంటిని చూడటం నాకు అదే మొదలు.

అక్క కనబడింది. ఎంత స్పష్టంగా అంటే, ఫోటో తీసి చట్రంలో పెట్టినట్టు. జాకెట్టు మీద నేత కనబడుతోంది, జుట్టులో తెల్లవెంట్రుకలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. కిటికీ, అన్నాను చేత్తో. అక్క జవాబు చెప్పింది. చేతులు ఒళ్లో ఉన్నవి ఉన్నట్టే ఛాతీ ముందు ప్రత్యక్షమయ్యాయి. మధ్యలో ఏమీ లేదు. అక్కడ మాయమై పక్కన తేలాయి, అక్కడా మాయమై కిందికి దిగి ఆగిపోయాయి. కొట్టినట్టు, తోసేసినట్టు, మొహం మీద తలుపు వేసినట్టు. వేసేశాను, మూటలు జరిపాను, వానలో తడవకు, అని చెప్పింది. మాటలన్నీ అందాయి. ఒక్క మాట పోలేదు. కాని ఆ 'తడవకు' నన్ను తిట్టినట్టుంది.

నేనేం చేశానని తిట్టింది, అనుకున్నాను ముందు. తర్వాత ఇంకోసారి అడిగాను, ఊరికే, ఏదో. మళ్లీ అలాగే.

గొంతు పోయి మాటలే వస్తే ఎలా ఉంటుందో, ఇన్నాళ్లూ ఆయనకు ఏం కనబడుతోందో, ఆ అరుగు మీద కూర్చుని చూశాను. నీళ్లు గొయ్యిలో తిరుగుతున్నాయి. షట్టరు దించి, చెక్కల మీంచి మెల్లగా ఇంటికి వచ్చాను.

పెట్టె పేజీ తెరిచి, అక్క ఫోనుకు పెద్ద వాటా తిప్పాను. ఆమె ఫోనులో కదలిక నిలబెట్టమన్నాను, బొమ్మ మసకైనా పరవాలేదన్నాను. నాది చిన్న వాటా. అది చేశాక గుర్తొచ్చింది, శుక్రవారం మధ్యాహ్నమే యూనిఫామావిడ ఫోనులోకి వచ్చే వేళ.

ఆవిడ బడిపిల్లల బట్టలు కుట్టించే మనిషి. మూటల్లో మిగిలిన తెల్లగుడ్డ మొత్తం ఆవిడ కోసమే ఆపాను. వానకు తెల్లగుడ్డ పసుపుపచ్చ మచ్చలేస్తుంది. ఆ వారం పోకపోతే ఇక పోదు. వేళ మార్చమని అడిగితే, "మార్చనయ్యా, ఆ తర్వాత నేను ప్రయాణంలో ఉంటా. చూపిస్తే చూపించు, లేకపోతే వేరే చోట చూసుకుంటా," అంది.

మళ్లీ కేబులతనికి ఫోను చేశాను. నాకు బొమ్మ స్పష్టంగా ఉండాలి, దారిలో మాత్రం చోటు తీసుకోకూడదు, ఏం చెయ్యాలి, అని అడిగాను.

"కదలకు," అన్నాడు.

"ఏంటి?"

"కదిలేదానికే దారి కావాలన్నా. కదలనిది ఒకసారి పోతే చాలు, మళ్లీ మళ్లీ పంపక్కర్లేదు. నువ్వు గుడ్డని ఊపినప్పుడల్లా ఉన్న దారంతా నువ్వే తినేస్తున్నావు."

శుక్రవారం వాన సన్నగా పడుతోంది. ముందుగదిలో ఫ్యాను ఆపాను. కిటికీ మూశాను, తలుపు సందులో గోనె దూర్చాను. గుడ్డ ఒక కొస నేను, ఒక కొస మా ఆవిడ పట్టుకుని లైటు కింద నిలబడ్డాం. వెనకగది తలుపు సగం తెరిచి ఉంది. అక్కడినుంచి అక్క కనబడదు. కిటికీ వెలుగులో ఆమె చేతుల నీడ మాత్రం ఎదురుగోడ మీద పడుతోంది. అక్క ఫోనులో ఏదో మార్చానని ఆమెకు చెప్పాను గాని, ఏం మార్చానో, ఎందుకు మార్చానో చెప్పలేదు.

యూనిఫామావిడ తెర మీదికి వచ్చింది. కాసేపు చూసి, "ఏమయ్యా, ఆగిపోయింది," అంది.

"ఆగలేదమ్మా. నేనే ఆగాను." పెదాలు కూడా ఎక్కువ కదలకుండా అన్నాను.

"ఎందుకట? ఇన్నాళ్లూ జెండాలా ఊపి చూపించేవాడివి."

"ఊపితే నాసిరకం కూడా మెరుస్తుందమ్మా. ఇవాళ ఆపి చూపిస్తున్నా."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చింది. నాకు తెలిసిన వ్యాపారమంతా కదలికలోనే ఉంది. గిరాకీ కన్ను ఒకచోట ఆగకుండా చూసుకోవడమే కదా అమ్మడమంటే. ఇప్పుడు ఆవిడ కన్ను తనకు తోచిన చోట, తనకు తోచినంత సేపు ఆగుతోంది.

"ఎడమ మూల దగ్గర పోగు తప్పింది."

"తప్పింది."

"దాని కింద చిన్న మరక."

"ఉందమ్మా."

"నీ ఒంట్లో బాగుందా?"

మా ఆవిడ భుజం వణికింది, నవ్వు. "కదలొద్దు," అన్నాను పళ్ల మధ్య నుంచి. "మీరే కదులుతున్నారు," అంది ఆమె కూడా అలాగే. చేతులు లాగడం మొదలైంది. ముక్కు మీద చెమట బొట్టు ఒకటి బయల్దేరింది. గదిలో గాలి లేదు. లైటు కింద తెల్లగుడ్డ తప్ప నాకేమీ కనబడటం లేదు. కాసేపటికి నేను పట్టుకున్నది గుడ్డలా అనిపించలేదు. పొద్దున్నే మంచు పట్టిన మైదానమేదో చేతుల్లో ఉన్నట్టు, దాని అంచున నేను, అవతలి అంచున మా ఆవిడ ఉన్నట్టు, ఊపిరి గట్టిగా వదిలితే అది చెదిరిపోతుందన్నట్టు ఉంది.

కంటి కొసకు మాత్రం ఆ గోడ మీది నీడ తెలుస్తోంది. ముందు చిన్న చిన్నగా కదిలింది. ఆగింది. అవతలాయన ఏదో అంటున్నాడు కాబోలు. మళ్లీ లేచింది. ఈసారి ఆ రెండు నీడలూ తొందర లేకుండా, బరువు లేకుండా పైకి వెళ్లాయి. గోడ మీద వాన నీడల్లో మునిగి, పైకి తేలి, వెళ్లిన దారినే వెనక్కి వచ్చాయి. ఆ రావడంలో ఒక జాగా కూడా ఖాళీగా లేదు. నేను చూడకూడదు, తల తిప్పితే ఆ తిప్పడం కూడా దారి మీద పోతుంది. అందుకని చూపు గుడ్డ మీదే ఉంచి, కొసతో చూశాను. మా ఆవిడ నాకెదురుగా ఉంది గనక ఆమెకు నేరుగానే కనబడుతోంది. ఆమె నవ్వడం ఎప్పుడో మానేసింది. కళ్లు తడిగా ఉన్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

"తర్వాతది చూపించు," అంది యూనిఫామావిడ.

"ఇంకొంచెం సేపు దీన్నే చూడండమ్మా."

"చూసేశానయ్యా."

"అయినా చూడండి."

ఆవిడ ఏమనుకుందో, "సర్లే," అని వెనక్కి వాలి, మజ్జిగో మంచినీళ్లో తాగుతూ కూర్చుంది. తాగడం నాకు నున్నగా, పూర్తిగా కనబడింది.

గోడ మీద నీడ దిగిపోయింది. చాలాసేపు లేవలేదు. తర్వాత అక్క గుమ్మంలోకి వచ్చి మమ్మల్నిద్దరినీ చూసింది.

"మీకేమైంది?" అంది.

అప్పటికి చేతులు దించాను. దించాక కూడా అవి నావి కానట్టే ఉన్నాయి; జవాబు చెబుదామంటే వేళ్లు వంగలేదు. మా ఆవిడ అడిగింది, ఏమన్నాడని.

"వస్తాడట," అంది అక్క. "వానలు తగ్గేదాకా ఆగడట. చెక్కల మీద నడవడం వచ్చా అని అడిగాను. రాదట." అని మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లిపోయింది.

యూనిఫామావిడ సగం గుడ్డే తీసుకుంది. పోగు తప్పినవి, మరకలున్నవి వేలు పెట్టి చూపించి వద్దంది. ఇన్నేళ్లలో నా దగ్గర అంత తక్కువ కొన్నదీ, కొన్నాక అంత మర్యాదగా మాట్లాడిందీ అదే మొదటిసారి. మిగిలిన సగం ఆ వానకే మచ్చలేసి తుడుపుగుడ్డలైంది.

బైండింగాయన చిన్న తుంపరలో వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. చెక్క మధ్యకు వచ్చాక ఇవతల అక్క కనబడింది. రెండు చేతులూ చాచి బరువు ఆపుకుంటున్నాడు. ఆ చేతులతోనే మాట్లాడాలి కూడా. ఏదో అనబోయి ఒక పక్కకు ఒరిగాడు. మళ్లీ చాచుకున్నాడు. మళ్లీ అనబోయాడు. "ముందు దాటమని, తర్వాత మాట్లాడమని చెప్పు వదినా," అంది మా ఆవిడ. అక్క చెప్పలేదు. గట్టు మీద నిలబడి, నడుం మీద చేతులు వేసుకుని, అతని అవస్థ చూసి నవ్వుతూ ఉంది. నేనే ఎదురెళ్లి చెయ్యి అందించాను. జిగురు పొడితో గరుగ్గా ఉంది. ఇద్దరం అలా చెక్క మీద ఉండగా, ఇతన్ని ఇక పేరు లేకుండా బావా అని పిలవాలి కదా, పిలిస్తే వినబడదు కదా, అనుకున్నాను.

పెళ్లి సంతకాలు అయ్యాయి. అక్క సూదులు, దారాలు, కత్తెర, ఒక పెట్టె బట్టలు సర్దుకుని వెళ్లింది. వెనకగదిలో ఇప్పుడు మూటలు పెట్టుకున్నాను. ముందుగది మా అత్తగారికి ఖాళీ అయింది, ఆవిడ వచ్చి కూర్చుంది కూడా.

ఆ కాలం తాలూకు లెక్క ఇది. పోయినవి: సగం తెల్లగుడ్డ, అలాంటి కాజాలు కుట్టే చెయ్యి, ముతక గుడ్డ కొనే ఒక మంచి గిరాకీ. బావలకు గుడ్డ అమ్మలేం, ఇవ్వాలి. పోగా మిగిలిందేమిటో నాకు చాలా రోజుల దాకా అంతుపట్టలేదు.

మొన్న మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. మా ఆవిడ గోడకు చేరగిలబడి మాట్లాడుతోంది. నేను గదికి ఈ చివర నేల మీద కూర్చుని ముక్కలు రంగుల వారీగా వేరు చేస్తున్నాను. తల ఎత్తలేదు. తెర మీద అక్క చేతులు కదులుతున్నట్టు మాత్రం తెలుస్తోంది. ఏమంటోందో తెలీదు, ఆ దూరం నుంచి తెలియడానికి నాకున్న సైగలు చాలవు. కాని నన్నే ఏదో అంటోందని, వేళాకోళానికి అంటోందని, అందులో కొంచెం బెంగ కూడా ఉందని తెలిసింది. మా ఆవిడ నవ్వి, "ఏమండీ, వదిన ఏమంటోందో తెలుసా?" అని అడిగేలోపే నేను నవ్వుతున్నాను.

నాకు మిగిలింది అదే.